55 పౌండ్ల మోటారు పెట్టినా పడవ పోవట్లేదు: సీతానగరం ఫైబర్ బోటు కేసు

నేను విజయవాడ ఆటోనగర్లో ఈ-రిక్షా బ్యాటరీలు, కంట్రోలర్ల పని చేస్తా. ఈమధ్య పడవలకి పెట్టే చిన్న ఎలక్ట్రిక్ మోటార్లు, అదే ట్రోలింగ్ మోటార్లు, రిపేరుకి ఎక్కువ వస్తున్నాయి. వాటిల్లో ఈ కేసు కాస్త వివరంగా రాయాలనిపించింది, ఎందుకంటే వచ్చిన ప్రతివాడూ చెప్పే కంప్లైంటు ఇదే, "పవర్ లేదు", మోటారు చూస్తే బాగానే ఉంటుంది.

పడవ కృష్ణలో సీతానగరం వైపుది, 14 అడుగుల ఫైబర్ బోటు, వెనక సూదిగా కాకుండా పలకగా ఉంటుంది. ఓనరు యాభై దాటిన మనిషి, నేను బాబాయ్ అనే పిలుస్తా. ఉండవల్లి ముందు నించి భవానీ ద్వీపం చివర్ల దాకా, ఒక్కోసారి పైకి వెంకటపాలెం వైపు వల వేస్తాడు, తోడుగా కొడుకు వస్తాడు. ప్రకాశం బ్యారేజీ గేట్లు దించి ఉన్నప్పుడు అక్కడ నీళ్ళు దాదాపు చెరువులాగే నిలబడి ఉంటాయి కాబట్టి ఇలాంటి మోటారుకి అంతకన్నా మంచి చోటు దొరకదు. తెడ్డుతో భుజాలు పోయాయని 12 వోల్టుల, 55 పౌండ్ల థ్రస్ట్ (అంటే పడవని తోసే బలం) మోటారు కొన్నాడు, ఎవరో బిగించి ఇచ్చారు. మొదట్నించీ నీరసంగానే పోతుందంట. నా దగ్గరికొచ్చేటప్పటికే 24 వోల్టుల 80 పౌండ్ల మోటారుకి రేటు కనుక్కుని వచ్చాడు.

"అబ్బాయ్, ఇది అమ్మేసి పెద్దది తీసుకుంటా, దీనికేమన్నా వచ్చిద్దా?" అన్నాడు.

"ఆగు బాబాయ్, ముందు నీళ్ళలో చూద్దాం" అన్నా.

ముందు కాగితం మీద లెక్క. బోటు 120 కేజీలు, మనుషులిద్దరూ కలిపి 130, మోటారు పది, బ్యాటరీ 28, తడిసిన వల, చేపల ట్రే, ఐసు అన్నీ కలిపి ఇంకో వంద, అంటే దగ్గర దగ్గర 400 కేజీలు, పౌండ్లలో 880. మామూలుగా వాడే లెక్క ఏంటంటే ప్రతి 100 పౌండ్ల బరువుకి 2 పౌండ్ల థ్రస్ట్. ఆ లెక్కన 18 పౌండ్లు చాలు. గాలి ఉంటుంది, ఎదురు నీరు ఉంటుంది, అందుకని దానికి రెండింతలు పెట్టుకున్నా 36, వీళ్ళకున్నది 55. కాబట్టి మోటారు సైజు చాల్లేదు అనే మాట అక్కడే పోయింది, ఇంక మిగిలింది రెండే, ప్రొపెల్లర్ నీళ్ళని సరిగ్గా పట్టుకోకపోవడం, కరెంటు మోటారు దాకా పూర్తిగా చేరకపోవడం. ఇక్కడ రెండూ ఉన్నాయి.

కరెంటు సంగతి ముందు చెప్తా, అది తేలిక. బోటుని ఘాటు మెట్లకి తాడుతో కట్టేసి, బాబాయ్ నేనూ ఇద్దరం వెనకే కూర్చుని ప్రొపెల్లర్ బాగా మునిగేలా చేసి ఫుల్ స్పీడ్ పెట్టాం. వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచే డీసీ క్లాంప్ మీటర్ 40 యాంప్స్ చూపించింది. అదే టైములో బ్యాటరీ టెర్మినల్స్ మీద 11.6 వోల్టులు, మోటారు దగ్గర వైరు చివర్లో 9.8. మధ్యలో 1.8 వోల్టులు ఎటు పోయాయంటే వైరులోకే పోయాయి. బ్యాటరీ అణియంలో, అంటే ముందు కొసలో పెట్టారు, మోటారు అమరంలో, అంటే వెనక, మధ్యలో ఇంటి వైరింగుకి వాడే 4 స్క్వేర్ ఎంఎం వైరు నాలుగున్నర మీటర్లు. పోనూ రానూ తొమ్మిది మీటర్లు లెక్కేస్తే వైరు రెసిస్టెన్స్ 0.039 ఓమ్, 40 యాంప్స్ తో గుణిస్తే 1.6 వోల్టులు, మిగతా కాస్తా మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు, మొసలి క్లిప్పులు తినేస్తున్నాయి. 1.8 ని 40 తో గుణిస్తే 72 వాట్లు, అంటే ఒక సోల్డరింగ్ ఐరన్ ని వల కింద పెట్టుకుని వేటకి వెళ్తున్నట్టే. వైరు పట్టుకుంటే వెచ్చగా ఉంది, క్లిప్పు దగ్గర ప్లాస్టిక్ రంగు మారింది. ఫ్యూజు అసలు లేనే లేదు.

బ్యాటరీ లారీకి వాడే 100 ఏహెచ్, అంటే ఆంపియర్-అవర్లది. స్టార్టింగ్ బ్యాటరీలో పలుచటి ప్లేట్లు ఉంటాయి, ఒక్క క్షణం మూడొందలు నాలుగొందల యాంప్స్ ఇచ్చి వెంటనే ఆల్టర్నేటర్ తో నింపుకోవడానికి చేసినవి అవి, రోజూ గంటల తరబడి పిండితే కొన్ని నెలల్లో చచ్చిపోతాయి. పైగా 100 ఏహెచ్ అని రాసేది ఇరవై గంటల పాటు 5 యాంప్స్ చొప్పున తీస్తే వచ్చే లెక్క, 40 యాంప్స్ చొప్పున లాగితే అంత రాదు, చాలా తక్కువొచ్చిద్ది. బాబాయ్ గంటకే పడిపోతుంది అన్నాడు, దాంట్లో ఆశ్చర్యమేం లేదు.

ఇదంతా అందరికీ తెలిసిన గొడవే. కానీ క్లాంప్ మీటర్ ఇంకో విషయం చెప్పింది, అది అసలైంది. తాడు విప్పి, కొడుకుని ఎప్పట్లాగే ముందు కూర్చోమని నదిలోకి పోనిచ్చాం. యాంప్స్ 40 దగ్గర నిలబడకుండా 40 నించి 28 కి, 28 నించి 38 కి ఊగుతున్నాయి. ప్రొపెల్లర్ నీళ్ళని కోస్తున్నంతసేపూ లోడు స్థిరంగా ఉంటుంది, పై నించి గాలి పీల్చుకుందంటే ఒక్కసారిగా తేలికైపోయి యాంప్స్ పడిపోతాయి. వెనక్కి వంగి చూస్తే గరగరమని సౌండు, తెల్లటి నురగ. నురగ చూసి కొడుకు "స్పీడుగానే తిరుగుతుంది కదన్నా" అన్నాడు. తిరుగుతుంది, తొయ్యట్లేదు. ఫోన్లో జీపీఎస్ పెట్టి చూస్తే గంటకి 3.2 కిలోమీటర్లు.

ఒడ్డుకొచ్చి టేపు తీశా. ఒక్కడే వెనక కూర్చుంటే వెనక పలక పై అంచు నించి నీటి మట్టానికి 14 అంగుళాలు. కొడుకు ముందుకెళ్ళి వల లాగే చోట కూర్చుంటే, బ్యాటరీ కూడా ముందే ఉంది కాబట్టి, ముక్కు దిగి వెనక లేచి అదే కొలత 19 అయింది. మోటారుది 30 అంగుళాల షాఫ్టు, హ్యాండిల్ తల కోసం క్లాంపు పైన 5 అంగుళాలు పోతే కిందకి 25 మిగులుద్ది. 25 లోంచి 19 తీస్తే మోటారు నడుము నీటి కింద 6 అంగుళాల లోతులో ఉంది. ప్రొపెల్లర్ రెక్క పొడవు ఐదున్నర. అంటే రెక్క పైకి వచ్చినప్పుడల్లా నీటి పైభాగానికి అర అంగుళం కిందే తిరుగుతోంది, చిన్న అల వస్తే బయటికే వస్తోంది. షాఫ్టు ఎంత లోతుకి దిగాలో పట్టి ఉంచే కాలరు చూస్తే, మోటారు అప్పటికే చివరిదాకా దించి ఉంది. ఆ స్థితిలో 80 పౌండ్ల మోటారు పెట్టుంటే ఇంకా ఎక్కువ నురగ వచ్చేది, అంతే.

బిగించినాయన్ని తప్పు పట్టను. బాబాయ్ ఒక్కడే వెళ్ళే రోజుల్లో వెనక బరువెక్కువై ముక్కు లేస్తుందని బ్యాటరీ ముందు పెట్టాడు, ఒక్క మనిషికి అది కరెక్టే. ఇద్దరు వెళ్తే ఏమవుద్దో చూడలేదు. నేను ఎప్పుడైనా కొలతలు బోటు ఖాళీగా ఉన్నప్పుడు తీసుకోను, వల, ట్రే, మనుషులు, అన్నీ ఎక్కాక, అందులోనూ వెనక అన్నిటికన్నా పైకి లేచే పొజిషన్లో తీసుకుంటా, ఎందుకంటే ప్రొపెల్లర్ కి ఇబ్బంది ఆ పొజిషన్లోనే.

36 అంగుళాల షాఫ్టు మోటారు కొంటే ఒక్క దెబ్బకి తీరిపోయేది. కానీ ఉన్న మోటారు బాగుండగా మళ్ళీ డబ్బులెందుకు, క్లాంపు పట్టడానికి బోటు వెనక వేరే పలక కిందకి బిగించి దాని మీద పెడదాం అనుకున్నాం. 6 అంగుళాలు దించితే లెక్క అదిరిపోద్ది. అయితే డ్రిల్లింగ్ ముందు అట్టముక్కతో నమూనా చేసి పట్టుకుని చూడటం నా అలవాటు, పట్టుకుంటే హ్యాండిల్ బోటు అంచుకి అంగుళం కిందకి వెళ్ళింది, అంటే గోడకి తగిలి అసలు తిప్పనే తిప్పలేం. క్లాంపు పైన ఉన్నది 5 అంగుళాలే కాబట్టి 3 కంటే దించడానికి లేదు, అప్పుడే హ్యాండిల్ అంచు మీద 2 అంగుళాల ఎత్తులో ఫ్రీగా తిరుగుతుంది. మిగతాది బ్యాటరీ జరిపి తెచ్చుకోవాల్సిందే. బ్యాటరీని ముందు నించి తీసి నడిమి అడ్డపట్టెకి కాస్త వెనగ్గా పెడితే, దానికి తోడు బరువు తక్కువున్న బ్యాటరీ అయితే, 19 కాస్తా 17 అయింది. 17 లోంచి పలక దించిన 3 తీస్తే 14, షాఫ్టు 25 లోంచి 14 పోతే 11. రెక్క మీద ఐదున్నర అంగుళాల నీళ్ళు. ఇంకొంచెం ఉంటే ఇంకా బాగుండేది కానీ పని జరగడానికి ఇది చాలు.

ఇప్పుడు ఆ పలక పని. ఇక్కడ చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. 55 పౌండ్లంటే 25 కేజీల తోపు, అది క్లాంపు నించి రెండడుగుల కింద, షాఫ్టు చివర పని చేస్తుంది. గడ్డపారతో బండరాయి లేపినట్టు ఆ తోపు పైకొచ్చేసరికి పెద్దదవుద్ది, పై వరస బోల్టులకీ కింది వరసకీ మధ్య 8 అంగుళాలుంటే పై వరసని వెనక్కి పీకే బలం 80 కేజీల దాకా వచ్చిద్ది, రివర్స్ వేస్తే అదే బలం కింది వరస మీదకి మారుద్ది. ఈ బోటు వెనక ఫైబరు పలుచన, వేలితో కొడితే డొల్ల సౌండు, పాత క్లాంపు నొక్కిన చోట జెల్ కోటు (ఫైబరు మీది నున్నటి పైపూత) మీద సాలెగూడు లాంటి సన్నటి పగుళ్ళు అప్పటికే వచ్చి ఉన్నాయి.

లోపలి వైపు ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్, 18 ఎంఎంది, వెనక గోడ వెడల్పులో సగానికి పైగా వచ్చేలా కోసి, కోసిన అంచులన్నిటికీ ఎపాక్సీ జిగురు మూడు కోట్లు పట్టించి అతికించాం. ప్లైవుడ్ కొనేటప్పుడు వాటర్‌ప్రూఫ్ అని నోటిమాట నమ్మకుండా షీటు మీద ఆ 710 ముద్ర చూసుకోండి, 303 అని ఉంటే అది ఇంటి ఫర్నిచరుకి. బయటి వైపు 18 ఎంఎం ముక్కలు రెండు అతికించి 36 ఎంఎం పలక చేశాం, అదే క్లాంపు పట్టేది. దాన్ని బోటుకి ఆనించి బిగిస్తే క్లాంపు లోపలి దవడ దూరడానికి, మర తిప్పడానికి చోటుండదు కాబట్టి మధ్యలో నాలుగంగుళాల ఖాళీ వచ్చేలా 5 ఎంఎం స్టీల్ తో రెండు బ్రాకెట్లు వెల్డింగ్ చేయించా, 304 గ్రేడు, మా వీధిలోనే. బోల్టులన్నీ 10 ఎంఎం, ఆరపార, లోపల పెద్ద వాషర్లు, ఊరికే వదులవ్వని నైలాక్ నట్లు. స్క్రూలు మాత్రం ఒక్కటి కూడా వాడలేదు. ప్రతి చిల్లునీ రెండు ఎంఎం పెద్దగా కొట్టి ఎపాక్సీతో నింపి, ఎండాక మళ్ళీ కరెక్టు సైజులో కొట్టాం, లేకపోతే ప్లైవుడ్ పొరల్లోకి నీరు మెల్లగా దిగి రెండు వానాకాలాలకి మెత్తబడిపోద్ది. నీటి గీత దగ్గరున్న చిల్లులకి పాలీయురేథేన్ సీలెంట్. సిలికాన్ పెట్టకండి, ఒకసారి సిలికాన్ తగిలిన ఫైబరు మీద తర్వాత ఏదీ సరిగ్గా అంటుకోదు.

మోటారు బయటికి తీసి ఉంది కదా అని ప్రొపెల్లర్ నట్టు కూడా విప్పా. వెనక షాఫ్టు చుట్టూ వల దారం, నైలాన్ ది, సన్నటి పోగులన్నీ వేడికి అతుక్కుని ఉంగరంలా గట్టిపడి ఉంది, దాంట్లో గుర్రపుడెక్క వేళ్ళ పీచు నల్లగా. బ్లేడుతో కోసి, పట్టకారుతో ముక్క ముక్క లాగాల్సి వచ్చింది. అదృష్టం, సీలు ఇంకా తెగలేదు. ఆ దారం ఇంకొన్నాళ్ళుంటే సీలు పెదవిని కోసుకుంటూ లోపలికి పోయేది, అప్పుడు నీళ్ళు మోటారులోకి వెళ్ళి బేరింగ్, బ్రష్షులు అన్నీ పోయేవి. వల దగ్గర తిరిగే మోటారుకి వారానికోసారి నట్టు విప్పి చూడటం తప్పదు, మేకు లాంటి చిన్న పిన్ను ఒకటి ఉంటుంది, అది నీళ్ళలో పడకుండా కింద ట్రే పెట్టుకుని విప్పాలి. స్పేరు పిన్ను, స్పేరు నట్టు బ్యాటరీ డబ్బాలోనే టేపుతో అంటించి పెట్టా.

మోటారు బదులు తుప్పు తన మీదకి తీసుకునే జింకు ముక్క, అంటే ఆనోడ్, దాని సంగతి కూడా. మోటారుతో వచ్చింది జింకుది, అది ఉప్పునీళ్ళకి. కృష్ణ మంచినీళ్ళలో మెగ్నీషియంది బాగా పనిచేస్తుంది. అదే బోటు హంసలదీవి వైపు ఉప్పు కలిసే చోటుకి వెళ్ళేదైతే అల్యూమినియంది పెట్టేవాణ్ణి.

కొత్త బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్, 12.8 వోల్టులు, 100 ఏహెచ్, బరువు 12 కేజీలు, లోపల బ్యాటరీని కాపాడే బీఎంఎస్ సర్క్యూటు 100 యాంప్స్ ది. కేబులు 16 స్క్వేర్ ఎంఎం, మెత్తటి వెల్డింగ్ రకం, ఒక వైపు రెండున్నర మీటర్లే, లగ్గులు హైడ్రాలిక్ క్రింపింగ్ చేసి పైన హీట్ ష్రింక్. మొసలి క్లిప్పులు పారేసి ఈ-రిక్షాలకి వాడే 50 యాంప్స్ ఆండర్సన్ ప్లగ్గు పెట్టా, తిరగేసి పెడదామన్నా పట్టదు. ప్లస్ వైరు మీద బ్యాటరీకి జానెడు దూరంలో 60 యాంప్స్ డీసీ బ్రేకర్. దూరంగా మోటారు దగ్గర పెడితే మధ్యలో వైరు ఒరుసుకుపోయి షార్ట్ అయినప్పుడు అది చూస్తూ ఉండిపోద్ది. ఇక బ్యాటరీ డబ్బా కింద రెండంగుళాల చెక్క దిమ్మెలు, ఎందుకంటే ఫైబర్ బోటు అడుగున నీళ్ళు ఎప్పుడూ ఎంతో కొంత ఉంటాయి. పైన రాట్చెట్ బెల్టు.

టెస్టింగు ఒకేసారి చేయకుండా విడివిడిగా చేశాం, నాకే తెలుసుకోవాలనిపించి. పాత బ్యాటరీ పాత చోటే ఉంచి కేబులు ఒక్కటే లావుది వేస్తే 3.2 కాస్తా 3.6 అయింది. తర్వాత పలక దించి, పాత బ్యాటరీనే నడిమికి జరిపితే 5.2. చివర్లో లిథియం పెడితే 5.6. అంటే ఎక్కువ లాభం వచ్చింది లోతు వల్ల. దానికయిన ఖర్చు ప్లైవుడ్, బోల్టులు, వెల్డింగు. లిథియం బ్యాటరీకి మోటారు కన్నా ఎక్కువ అయింది, స్పీడులో ఇచ్చింది 0.4 మాత్రమే, అయితే అది కొన్నది స్పీడు కోసం కాదు, టైము కోసం. ఫుల్ స్పీడులో ఇప్పుడు 50 యాంప్స్ లాగుతోంది, మోటారు దగ్గర 12.7 వోల్టులు, రెండు గంటల లోపు అయిపోద్ది. వల వేసేటప్పుడు పెట్టే రెండో నంబరు స్పీడులో 15 యాంప్స్ చుట్టూ ఉంటుంది, అలా అయితే ఆరు గంటలొస్తుంది. ఈ ఐదు స్పీడుల మోటార్లలో తక్కువ నంబర్లకి కొంత కరెంటు కాయిల్స్ లో వేడిగా పోద్ది, కరెంటుని వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ స్పీడు నున్నగా మార్చే పీడబ్ల్యూఎం రకం అయితే ఇంకా మిగిలేది.

"పెట్రోలు ఇంజనంత పోదా మరి?" అని బాబాయ్ అడిగాడు. పోదు. 50 యాంప్స్ ని 12.7 తో గుణిస్తే 635 వాట్లు, ఒక హార్స్ పవర్ కూడా కాదు, ప్రొపెల్లర్ కూడా మెల్లగా తొయ్యడానికి చేసింది. 80 పౌండ్లది పెట్టినా ఆరు, ఆరున్నర దాటదు. కాకపోతే ఒక ఫుల్ ఛార్జికి ఇంట్లో యూనిట్టున్నర కరెంటు, సౌండుండదు, హ్యాండిల్ టైట్ చేసే మర బిగించి వదిలేస్తే పడవ అదే దారిన పోతుంటే రెండు చేతులతో వల విడుచుకోవచ్చు. బాబాయ్ కి బాగా నచ్చింది ఆ చివరిదే. వల లాగేటప్పుడు మాత్రం మోటారు పైకి ఎత్తి తీరాలి, రివర్స్ అయితే అసలు వద్దు.

ఇంకో లెక్క కూడా చెప్పి పంపించా. 5.6 కిలోమీటర్లంటే సెకనుకి మీటరున్నర. నీళ్ళు సెకనుకి మీటరున్నర చొప్పున వస్తుంటే ఫుల్ స్పీడులో కూడా పడవ ఉన్నచోటే ఉంటుంది, బ్యాటరీ అయ్యాక బ్యారేజీ వైపు పోద్ది. 2024 సెప్టెంబర్లో 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు పెద్ద పెద్ద ఇనుప పడవలే తెంపుకుని వచ్చి గేట్లకి గుద్దుకున్నాయి, గేట్లకి తూకంగా ఉండే కౌంటర్ వెయిట్లు విరిగాయి. అందుకే గేట్లు ఎత్తారని తెలిస్తే మోటారు, బ్యాటరీ రెండూ ఊడదీసి ఇంటికి తెచ్చుకోవాలి, క్లాంపు, ప్లగ్గు రెండూ చేత్తో ఊడొచ్చేలా పెట్టింది అందుకే. లైఫ్ జాకెట్లు కూడా తెచ్చుకోమన్నా. కొడుకు నవ్వాడు, బాబాయ్ నవ్వలేదు. 2017 నవంబర్లో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడి ఇరవై మందికి పైగా పోయిన సంగతి ఈ ఒడ్డున ఎవరూ మర్చిపోలేదు. రిజిస్ట్రేషన్ గురించి కూడా కనుక్కోమని చెప్పా, 2021 లో వచ్చిన ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం ప్రకారం యంత్రంతో నడిచే పడవలకి అది ఉండాలి, తెడ్డు పడవకి మోటారు పెట్టాక మేం తెడ్డు పడవ వాళ్ళమే అంటే కుదరదు.

ఒక సీజన్ తిరిగాక చూశా. బ్రాకెట్లు కదల్లేదు, జెల్ కోటు పగుళ్ళు పెరగలేదు. పై వరసలో ఒక నట్టు పావు చుట్టు వదులైంది, ప్లైవుడ్ కాస్త నొక్కుకుపోయినట్టుంది, బిగించి వాషరు ఇంకా పెద్దది వేశా. బ్రేకర్ టెర్మినల్ మీద పచ్చటి చిలుము పట్టింది, తోమి పెట్రోలియం జెల్లీ రాశా.

ఇప్పుడు వాళ్ళ తమ్ముడి పడవ వచ్చింది, చెక్కది, రెండు కొసలూ సూదిగానే ఉంటాయి, అంటే క్లాంపు పట్టడానికి వెనక గోడే లేదు. దానికి పక్కన పెట్టాల్సిందే, వెనక అడ్డపట్టెకి మద్ది చెక్క దూలం ఒకటి అటూ ఇటూ అంచులకి బోల్టు వేసి, బయటికి అడుగు పొడుచుకొచ్చిన చోట క్లాంపు. పక్కనుంటే పడవ ఒక వైపుకి లాగుద్ది, దాన్ని హ్యాండిల్ కాస్త వంకరగా పెట్టి సరిచేసుకోవచ్చు, కానీ ఆయన ఏ వైపు నించి వల లాగుతాడో తెలిస్తే మోటారు రెండో వైపు పెట్టాలి. ఆ వైపు ఏదో, ఇద్దరూ ఎక్కి వల కూడా పెట్టుకుని కూర్చున్నాక అంచు నించి నీళ్ళకి ఎంతుందో, ఆ రెండూ కనుక్కుని రమ్మన్నా, అప్పటిదాకా మోటారు కొనొద్దన్నా.